గాలి చెడే నెలల్లో పసికందు: ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

చలికాలం రాత్రుల్లో నేల చల్లబడి, దాని మీది గాలి పైకి లేవదు. వాహనాల పొగ, చెత్త కాల్చిన పొగ అందులోనే చిక్కుకుని పొద్దెక్కేదాకా మన ముక్కు ఎత్తులోనే ఉంటాయి. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే, పసికందు 40 నుంచి 60 సార్లు తీస్తుంది. పోనీ మాస్కు పెడదామా అంటే, రెండేళ్లలోపు పిల్లలకు అదే ఊపిరాడకుండా చేస్తుంది. ముఖం మీద దుప్పటి కప్పినా అంతే.

అసలు జాగ్రత్త కడుపుతో ఉన్నప్పుడే మొదలవ్వాలి. పీఎం 2.5 అనే సన్నటి ధూళిలో కొంత తల్లి ఊపిరితిత్తులు దాటి రక్తంలో కలుస్తుంది. మాయ (ప్లాసెంటా)లో బిడ్డ వైపు కూడా మసి కణాలు ఉన్నట్టు బెల్జియం పరిశోధకులు 2019లో బయటపెట్టారు. 37 వారాలు నిండకుండా కాన్పు కావడానికీ, బిడ్డ రెండున్నర కిలోలు కూడా తూగకపోవడానికీ ఈ గాలితో సంబంధం ఉంది. నెలలు నిండని బిడ్డకు ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగవు కనుక, పుట్టాక అదే గాలి ఇంకా గట్టిగా దెబ్బతీస్తుంది. గర్భిణి బయటికెళ్తే ముఖానికి అతుక్కునే ఎన్95 మాస్కు వాడాలి. చున్నీ చుట్టుకుంటే దుమ్ము ఆగుతుందేమో గానీ ఈ కణాలు ఆగవు.

కిటికీలు రోజంతా బిగించడం కూడా మంచిది కాదు, వంట పొగ లోపలే ఉండిపోతుంది. ఫోన్లో ఏక్యూఐ (గాలి ఎంత చెడిందో చెప్పే అంకె) చూసి, అది తగ్గిన వేళ తెరవండి. చలికాలంలో అది తరచూ మధ్యాహ్నం. ఎండాకాలంలో మాత్రం మధ్యాహ్నమే ఓజోన్ అనే హానికర వాయువు పెరుగుతుంది. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే సన్నటి కణాలను పట్టే హెపా ఫిల్టరున్నది కొని బిడ్డ పడుకునే గదిలోనే పెట్టండి. ఓజోన్ విడుదల చేసే రకం వద్దు. ఇంట్లో సిగరెట్, దోమల కాయిల్, ధూపం వెలిగిస్తూ ప్యూరిఫయర్ నడపడం డబ్బు దండగ. చీపురుకు బదులు తడిగుడ్డతో తుడవండి.

గాలి బాగాలేదని టీకాలు వాయిదా వేయకండి. రద్దీ తక్కువున్న వేళ చూసుకుని వెళ్లండి. తోపుడు బండి సరిగ్గా వాహనాల పొగగొట్టాల ఎత్తులో ఉంటుంది, రోడ్డు మీద బిడ్డను ఎత్తుకోవడమే మేలు.

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టడం ముందే అలవాటు చేసుకోండి. పసిపిల్లలు మధ్యమధ్య కొన్ని సెకన్లు ఊపిరి ఆపుతారు కాబట్టి నిమిషమంతా లెక్కించాలి. రెండుసార్లు చూసినా 60 లేదా అంతకు మించి (రెండు నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డకైతే 50 లేదా అంతకు మించి) వస్తే, డొక్కలు లోపలికి లాగుతుంటే, మూలుగుతుంటే, పాలు తాగకపోతే, పెదవులు నీలంగా మారితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఈలోపు ఆవిరి పట్టడం, ఛాతీకి బామ్ రాయడం చేయకండి.