గేమ్ డీకంపైలేషన్‌కు బిల్డ్ సెటప్ చేసుకోవడం ఎలా?

పాత గేమ్ కార్ట్రిడ్జ్‌లో దొరికేది మెషిన్ కోడ్, దాంతోపాటు బొమ్మలు, శబ్దాలు. ఆ మెషిన్ కోడ్‌ను చదివి, మనిషికి అర్థమయ్యే సి భాషలో తిరిగి రాయడమే డీకంపైలేషన్. చాలా ప్రాజెక్టుల్లో రాసింది సరైనదో కాదో తేల్చే పరీక్ష ఒకటే: ఆ సి కోడ్‌ను కంపైల్ చేస్తే, అంటే తిరిగి మెషిన్ కోడ్‌గా మారిస్తే, తయారయ్యే రోమ్ ఫైలు (కార్ట్రిడ్జ్‌లోని డేటా మొత్తం ఉండే ఫైలు) అసలు రోమ్‌తో బైటు బైటూ సరిపోవాలి. అందుకే కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకముందు, ఉన్న ప్రాజెక్టు ఉన్నట్టుగా మీ కంప్యూటర్‌లో బిల్డ్ అయి (అంటే కోడ్ నుంచి పూర్తి రోమ్ తయారై), అసలుతో సరిపోవాలి. అక్కడిదాకా ఎలా చేరాలో 1996లో నింటెండో 64కు వచ్చిన సూపర్ మారియో 64 ప్రాజెక్టుతో చూద్దాం. కొత్తవాళ్లకు నేను ముందుగా సూచించే ప్రాజెక్టు ఇదే. కోడ్ చదవడానికి హాయిగా ఉంటుంది, బిల్డ్ కూడా త్వరగా అయిపోతుంది.

1. లినక్స్ సిద్ధం చేసుకోండి

ఉబుంటు లేదా డెబియన్ ఉంటే నేరుగా రెండో అడుగుకు వెళ్లొచ్చు. విండోస్ వాడేవాళ్లు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే సదుపాయం) ద్వారా ఉబుంటు పెట్టుకుంటే చాలు. అయితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. ప్రాజెక్టు ఫోల్డర్‌ను విండోస్ సి డ్రైవ్‌లో కాకుండా, ఉబుంటులోని మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. సి డ్రైవ్‌లో పెడితే వేల చిన్న ఫైళ్లను చదవడానికి చాలా సమయం పడుతుంది. పైగా విండోస్ గిట్ (కోడ్ దించుకోవడానికి, మార్పులు గమనించడానికి వాడే టూల్) లైన్ ఎండింగ్స్, అంటే ప్రతి లైను చివర ఉండే కనిపించని గుర్తులు, మార్చేస్తే స్క్రిప్టులు అర్థం కాని ఎర్రర్లు ఇస్తాయి. ఫోల్డర్ పేరులో ఖాళీలు కూడా ఉండకూడదు, బిల్డ్‌ను నడిపే ప్రోగ్రామ్ మేక్‌కు అవి పడవు.

2. ప్యాకేజీలు

గిట్, బిల్డ్ ఎసెన్షియల్, పైథాన్ 3, ప్యాకేజీ కాన్ఫిగ్, మిప్స్ కోసం చేసిన బిన్‌యుటిల్స్: ఈ ఐదింటినీ ఆప్ట్‌తో (ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీలు దించే కమాండ్) ఇన్‌స్టాల్ చేయండి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నింటెండో 64 ప్రాసెసర్ మిప్స్ రకానిది కాబట్టి, మీ కంప్యూటర్‌లో మామూలుగా ఉండే అసెంబ్లర్, లింకర్ దానికి పనికిరావు; మిప్స్ కోసం చేసినవి బిన్‌యుటిల్స్‌లో ఉంటాయి.

కంపైలర్ సంగతి వేరు. ఈ గేమ్‌ను అప్పట్లో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ ఐరిక్స్ సిస్టమ్‌లో నడిచే ఐడీఓ అనే కంపైలర్‌తో తయారు చేశారు. లినక్స్‌లో మామూలుగా వాడే ఇప్పటి కంపైలర్ జీసీసీకి అదే సి కోడ్ ఇస్తే గేమ్ నడవొచ్చు గానీ బైట్లు సరిపోవు. ఏ విలువను ప్రాసెసర్ లోపలి ఏ రిజిస్టర్‌లో (చిన్న నిల్వ స్థానం) పెట్టాలి, ఏ ఇన్‌స్ట్రక్షన్ ముందు రావాలి అన్నది ఒక్కో కంపైలర్ ఒక్కోలా నిర్ణయిస్తుంది. అందుకే ప్రాజెక్టులో ఐడీఓను నేటి లినక్స్‌లో నడిచేలా మార్చి పెట్టారు. దాన్ని మీరు విడిగా వెతుక్కోనక్కర్లేదు. ఆప్టిమైజేషన్ ఫ్లాగుల (కోడ్‌ను వేగంగా నడిచేలా మలచమని కంపైలర్‌కు చెప్పే సెట్టింగులు) జోలికి కూడా పోవద్దు. అమెరికా వెర్షన్‌లో గేమ్ కోడ్ చాలావరకు ఆప్టిమైజేషన్ లేకుండానే కంపైలైంది, ఆ లక్షణాన్ని మేక్‌ఫైల్ (మేక్ చదివే సూచనల ఫైలు) యథాతథంగా కాపాడుతుంది.

3. కోడ్, రోమ్

గిట్ క్లోన్‌తో కోడ్ దించుకోండి. అందులో బొమ్మలు, సంగీతం ఉండవు. అవి నింటెండో హక్కులున్నవి కాబట్టి, మీ దగ్గరున్న సొంత కార్ట్రిడ్జ్ నుంచి తీసుకున్న రోమ్‌ను ఇవ్వాలి. బిల్డ్ స్క్రిప్టు దానిలోంచి కావలసినవి బయటకు తీసుకుంటుంది. అమెరికా వెర్షన్ రోమ్‌కు బేస్‌రోమ్.యూఎస్.జెడ్64 అని పేరు పెట్టి ప్రాజెక్టు పై ఫోల్డర్‌లో ఉంచండి.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నింటెండో 64 రోమ్ మూడు రకాల బైటు వరుసల్లో ఉంటుంది. ఫైలు పేరు చివర జెడ్64 అని ఉన్నంత మాత్రాన లోపల అదే ఉందని నమ్మకండి. హెక్స్ ఎడిటర్‌లో తెరిచి మొదటి నాలుగు బైట్లు చూడండి. 80 37 12 40 అని ఉంటే సరైనదే. 37 80 40 12 అయితే అది వీ64, ప్రతి రెండు బైట్లూ తారుమారై ఉన్నాయి. 40 12 37 80 అయితే ఎన్64, ప్రతి నాలుగు బైట్లూ వెనక నుంచి ముందుకు ఉన్నాయి. ఈ రెండింటినీ మార్చే చిన్న టూల్స్ తేలిగ్గానే దొరుకుతాయి, పేరు మారిస్తే మాత్రం ఫలితం ఉండదు. ఫైలు సైజు కచ్చితంగా 83,88,608 బైట్లు, అంటే 8 ఎంబీ ఉండాలి. చివరగా షా1 సమ్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి విలువ) లెక్కగట్టి, ప్రాజెక్టులోని షా1 ఫైల్లో ఉన్న విలువతో పోల్చండి. ఈ రెండు నిమిషాల పని తర్వాత బోలెడు టెన్షన్ తప్పిస్తుంది.

4. బిల్డ్

ప్రాజెక్టు ఫోల్డర్‌లో మేక్ అని కొట్టి, వెనకే మైనస్ జే 4 చేర్చండి. నాలుగు పనులు ఒకేసారి నడుస్తాయి. మొదట టూల్స్ తయారవుతాయి, తర్వాత రోమ్‌లోంచి బొమ్మలు, శబ్దాలు బయటికొస్తాయి, ఆపైన కంపైలింగ్. చివర్లో కొత్త రోమ్ పేరు పక్కన ఓకే అని కనిపిస్తే మీ సెటప్ పూర్తయినట్టే.

ఎర్రర్ వస్తే చివరి లైన్‌ను పట్టుకుని కూర్చోకండి. నాలుగు పనుల సందేశాలు కలగాపులగంగా వస్తాయి, అసలు కారణం ఎక్కడో పైన ఉండిపోతుంది. మైనస్ జే లేకుండా మళ్లీ మేక్ కొడితే తప్పు దగ్గరే ఆగుతుంది. బిల్డ్ పూర్తయినా షా1 సరిపోలేదంటే, మీరు తెలియకుండా ఏదైనా ఫైలు మార్చారేమో గిట్ స్టేటస్‌తో చూడండి. అక్కడ ఏమీ కనిపించకపోతే మేక్ డిస్ట్‌క్లీన్ చేసి మొదటి నుంచి కట్టండి. మామూలు క్లీన్ అయితే రోమ్‌లోంచి తీసిన బొమ్మలు, శబ్దాలు అలాగే ఉండిపోతాయి.

5. సరిపోయిన బిల్డ్‌ను దాచుకోండి

ఓకే వచ్చిన వెంటనే, ఇంకేమీ ముట్టుకోకముందే, ఎక్స్‌పెక్టెడ్ అనే ఫోల్డర్ చేసి, బిల్డ్ ఫోల్డర్ మొత్తాన్ని అందులోకి కాపీ చేయండి. ఇకపై మీరు ఏ ఫంక్షన్ మార్చినా, ప్రాజెక్టులోని డిఫ్ స్క్రిప్టు దాన్ని ఈ కాపీతో పోల్చి, ఏ ఇన్‌స్ట్రక్షన్ తేడాగా వచ్చిందో రంగుల్లో పక్కపక్కనే చూపిస్తుంది. కావాలనే గేమ్‌ను మార్చి ఆడదలచుకుంటే కంపేర్ ఈక్వల్స్ 0 అని మేక్‌కు చెప్పండి, అప్పుడు షా1 పరీక్ష జరగదు.