పేపర్లు పోయిన పాత కారుకి మీ పేరు మీద ఆర్సీ: ఒడిశా సరిహద్దులో ఉన్నవాళ్లు ఎలా చేసుకోవాలి?

పర్లాకిమిడిలో మా షెడ్డుకి వచ్చేవాళ్లు తరచూ ఇదే కథ చెబుతారు. "కాశీనగర్‌లో మా మావయ్య ఇంటి వెనక మారుతి ఎనిమిది వందలు పడుంది అన్నా. ఇంజను తిరుగుతోంది. పేపర్లే లేవు. కొత్త ఆర్సీ పుట్టించెయ్యొచ్చా?"

పుట్టించకూడదు. వెతకాలి. ఆ కారు మొదటిసారి రోడ్డెక్కినప్పుడు ఏదో ఒక ఆర్టీఓ ఆఫీసు రిజిస్టర్లో దానికి ఒక వరుస రాశారు. మీ దగ్గర పోయింది కాగితమే. ఆ వరుస ఎక్కడుందో కనిపెట్టి, అందులో ఉన్న మనిషి పేరు నుంచి మీ పేరుకి చట్టప్రకారం బండిని తెచ్చుకోవాలి. పని మొత్తం ఇంతే. ఈ మాట అర్థం కానివాళ్లే ఏజెంటు చేతిలో డబ్బు పోసి, ఎక్కడో దూర రాష్ట్రం నంబరుతో వచ్చిన దొంగ ఆర్సీ పట్టుకుని, ఏ చెక్‌పోస్టులోనో బండి వదిలేసి వస్తారు.

కావలసిన సామాను: కొంచెం కిరసనాయిలు, దొరక్కపోతే డీజిల్. పాత టూత్ బ్రష్, మెత్తటి గుడ్డ, ముగ్గుపిండి, టార్చి, 2బి పెన్సిలు, పల్చటి తెల్లకాగితాలు. మీ ఆధార్, పాన్ నకళ్లు మూడేసి సెట్లు. అన్నీ పెట్టుకోవడానికి ఒక ఫైలు.

ముందు చాసిస్ నంబరు

అందరూ చెడగొట్టేది ఇక్కడే. నంబరు ప్లేటు లేకపోయినా ఫర్వాలేదు, ఓనరు పేరు తెలియకపోయినా దారి ఉంది. చాసిస్ నంబరు, అంటే బండి ఇనుములోకి కంపెనీ కొట్టిన గుర్తింపు నంబరు, పోతే మాత్రం బండికి ఉనికే పోయినట్టు. అందుకని తొందర పడకండి.

మారుతి ఎనిమిది వందలకైతే బానెట్ ఎత్తగానే ఇంజను వెనక కనిపించే రేకు గోడ మీద పంచ్ చేసి ఉంటుంది. జీపులకి ఎక్కువగా చాసిస్ పట్టీ మీద, ముందు చక్రం వైపు వెతకాలి. రివెట్లు కొట్టిన పలక కనిపిస్తే అదే నంబరనుకోకండి. పలకలు ఊడతాయి, మారతాయి. ఆఫీసు వాళ్లు చూసేది ఇనుములోకి దిగిన అంకెల్నే.

మా ప్రాంతంలో వానలకి ఆ చోట తుప్పు, గ్రీజు, మట్టి కలిసి గట్టి పొరలా పేరుకుంటాయి. గుడ్డని కిరసనాయిల్లో తడిపి నంబరు మీద పరిచి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్న టూత్ బ్రష్‌తో ఒకే దిక్కుకి తోమండి. మురికి నానింది కాబట్టి అదే వస్తుంది. రాకపోతే ఇంకో రాత్రి నానబెట్టండి. నేను ఒక అంబాసిడర్‌కి నాలుగు రాత్రులు ఇలా చేశాను.

ఇనుప బ్రష్ వద్దు. ఉప్పుకాగితం వద్దు. ఆసిడ్ అసలే వద్దు. గ్రైండర్ మాట నా దగ్గర ఎత్తకండి. ఒకాయన గుణుపురం వైపు నుంచి మంచి జీపు తెచ్చాడు. నంబరు నిగనిగలాడాలని అక్కడి కుర్రాడొకడు గ్రైండర్ పెట్టి రెండు నిమిషాలు తిప్పాడట. చివరి మూడంకెలు నున్నగా అరిగిపోయాయి. చేత్తో తడిమితే అక్కడ ఇనుము అద్దంలా జారిపోతోంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి చూసి, నంబరు చెరిపేశారని రాసి పంపేశారు. ఆయన తప్పేం లేదు. దొంగలు చేసే పని కూడా సరిగ్గా అలాగే ఉంటుంది, ఆయనకి తేడా ఎలా తెలుస్తుంది? ఆ జీపు చివరికి స్పేర్ పార్టుల కింద పోయింది.

మసకగా ఉన్న అంకెని పంచ్ పెట్టి మళ్లీ కొట్టించడం ఇంకా పెద్ద తప్పు. అది రిపేరు కాదు, నేరం. నిజంగానే తుప్పుకి అంకె తినేసి ఉంటే ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యండి. ఆర్టీఓకి దరఖాస్తు పెట్టి, ఇన్‌స్పెక్టర్ చూసి, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాకే ఆ ఇనుము మీద చెయ్యి పడాలి.

మురికి పోయాక ఆరనిచ్చి, వేలితో ముగ్గుపిండి అద్ది, పైపైన తుడవండి. గాట్లలో తెల్లగా నిలుస్తుంది. టార్చి ఎదురుగా కాదు, పక్కనుంచి వెయ్యండి. ఫొటో తియ్యండి. తర్వాత పిండి దులిపి, పల్చటి కాగితం పరిచి కదలకుండా పట్టుకుని, పెన్సిలు ములుకుతో కాక పక్కవాటుగా మెల్లగా రుద్దండి. అంకెలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తాయి. ఇదే చాసిస్ ప్రింటు. ఆరు కాగితాలు తీసిపెట్టుకోండి, దారిలో ప్రతి మలుపులోనూ అడుగుతారు. కొందరు సెల్లో టేపు అంటించి లాగుతారు. టేపు మీద సున్నాకీ ఆరుకీ తేడా తెలీకుండా పోతుంది. నేను కాగితమే తీస్తాను, మీరూ కాగితమే తియ్యండి. ఇంజను నంబరుకీ ఇదే పద్ధతి.

చదివేటప్పుడు 3, 8 దగ్గరా 1, 7 దగ్గరా ఆగండి. ఇద్దరు విడివిడిగా చదివి రాసుకుని, తర్వాత పోల్చి చూడండి.

దొంగ బండి కాదని తేల్చుకోవడం

జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్ల వాహన్ సమన్వయ్ వెబ్‌సైట్లో చాసిస్ నంబరు, ఇంజను నంబరు కొట్టి చూడండి. దొంగతనం కేసు ఉంటే తెలుస్తుంది. ఆ ఫలితం ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. కేసు కనిపిస్తే పోలీసులకి చెప్పి అక్కడితో ఆపెయ్యండి.

రిజిస్టర్లో వరుస ఎక్కడుంది?

పాత నంబరు తెలియకపోతే ఇల్లంతా వెతకండి. పాత ఇన్సూరెన్స్ కాగితం, సర్వీసు పుస్తకం, పెళ్లి ఫొటోలు. ఒకసారి పెళ్లికొడుకు వెనక నిలబడ్డ కారు నంబరు ఆల్బంలోనే దొరికింది మాకు. ఏమీ దొరక్కపోతే చాసిస్ నంబరుతోనే ఆర్టీఓలో వెతికించాలి.

ఏ ఆఫీసు అన్న దగ్గర మనవాళ్లు దారి తప్పుతారు. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. అదే రోజు రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ కొరాపుట్ నుంచి విడిపోయాయి. అంతకుముందు పర్లాకిమిడిలో కొన్న కారు రికార్డు ఛత్రపురంలో గంజాం ఆర్టీఓ దగ్గర వెతకాలి. గుణుపురం, రాయగడ బళ్లయితే కొరాపుట్ ఆర్టీఓని అడగాలి. పాత నంబరు మొదట్లో ఉన్నదాన్ని బట్టి జిల్లా తెలుస్తుంది: ఓఆర్ 07 గంజాం, ఓఆర్ 10 కొరాపుట్, ఓఆర్ 18 రాయగడ, ఓఆర్ 20 గజపతి. 2012 నుంచి కొత్త బళ్లకి ఓడీ వచ్చినా పాత ఓఆర్ నంబర్లు చెల్లుతాయి. పాతపట్నం నుంచి ఇటొచ్చిన బండి ఏపీ 30 అయితే శ్రీకాకుళం, పార్వతీపురం వైపుది ఏపీ 35 అయితే విజయనగరం.

బళ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వాహన్ వెబ్‌సైట్లో "రికార్డు లేదు" అని వస్తే కంగారు పడకండి. చేతిరాత రిజిస్టర్ల కాలం నాటి బళ్లు చాలా కంప్యూటర్లోకి ఎక్కలేదు. రిజిస్ట్రేషన్ వివరాల నకలు కావాలనీ, బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రిజిస్టర్లోది కంప్యూటర్లోకి ఎక్కించడం) చెయ్యాలనీ రాతపూర్వకంగా అడగండి, రసీదు నంబరు తీసుకోండి. నోటిమాటగా అడిగితే "రేపు రండి" తప్ప ఏమీ రాదు.

నకలు రాగానే మీ ప్రింటుతో పోల్చండి. ఒక్క అంకె తేడా ఉంటే గుమాస్తా రాతపొరపాటు కావచ్చు. ఇన్‌స్పెక్టర్ బండి చూసి, రికార్డు దిద్దించే పద్ధతి ఉంది. దిద్దాల్సింది పుస్తకాన్ని, ఇనుముని కాదు. మొత్తం నంబరే వేరైతే అది ఆ కారు కాదు.

ఓనరు, లేదా ఆయన వారసులు

డూప్లికేట్ ఆర్సీ ఫారం 26 మీద వస్తుంది. అది పెట్టాల్సింది రిజిస్టర్లో పేరున్న మనిషే, మీరు కాదు. మధ్యలో నలుగురి చేతులు మారినా ఆ నలుగురూ పేరు మార్పించుకోలేదు కాబట్టి రిజిస్టరుకి వాళ్లు తెలియరు. మొదటాయన దగ్గరికే వెళ్లాలి. ఆయన సంతకం మీరు పెట్టడం ఫోర్జరీ.

"ఎప్పుడో అమ్మేశాను బాబూ, నాకెందుకీ గోల" అంటారు. అప్పుడు నిదానంగా ఈ మాట చెప్పండి. రిజిస్టర్లో పేరున్నంత కాలం ఆ బండి యాక్సిడెంటు చేస్తే పరిహారం ఆయన మీదే పడుతుంది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. చేతులు ఎన్ని మారినా రిజిస్టర్డ్ ఓనరే ఓనరు. ఇది విన్నాక సంతకం పెట్టనన్నవాళ్లు నాకు తగల్లేదు.

ఆయన లేకపోతే ఫారం 31. చనిపోయినట్టు సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే వారసుల సర్టిఫికెట్, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్ కావాలి. ముందు ఒక వారసుడి పేరుకి మారి, అక్కడి నుంచి మీ పేరుకి రావాలి.

ఇక్కడ మన తెలుగువాళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా ఆఫీసుల్లో చివర రాస్తారు. పాత ఆర్సీలో ఇంటిపేరు పొడి అక్షరంతో అప్పలస్వామి, ఆధార్‌లో పూర్తి పేరు, ఓటరు కార్డులో ఒడియా పలుకుబడికి మారిన ఇంకో పేరు. అడ్రసులో "గంజాం జిల్లా" అనుంటుంది, ఇప్పుడది గజపతి. ఇవన్నీ ఒకే మనిషివని ఒకే నోటరీ అఫిడవిట్లో ముందే రాయించండి. అభ్యంతరం వచ్చాక రాయిస్తే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది.

ఓనరూ వారసులూ ఎవరూ దొరక్కపోతే నేనైతే ఆ బండి కొనను. కొనేసి ఉంటే వకీలుని కలవండి, ఏజెంటుని కాదు.

ప్రభుత్వ వేలంలో కొన్న జీపుది వేరే దారి, ఫారం 32. కానీ 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బళ్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ లేదు. అలాంటిది ఎవరైనా చవగ్గా ఇస్తానంటే వద్దనండి.

తర్వాతి కాగితాలు

ఇక్కడి నుంచి నేరుగా సాగుతుంది. పేపర్లు పోయాయని ఓనరు పోలీసు స్టేషన్లో రిపోర్టు ఇచ్చి, అఫిడవిట్‌తో ఫారం 26 పెడతారు. పాత చలాన్లు, టాక్సు బాకీ ముందే కట్టెయ్యండి. రికార్డులో ఫైనాన్సు అప్పు ఉంటే ఆ కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం)తో ఫారం 35 కూడా.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ముగుస్తుంది. ఆ తర్వాత ఫారం 25 మీద ఐదేసి ఏళ్లకి రెన్యువల్. 15 ఏళ్లు దాటితే కారు పనికిరాదనేది ఢిల్లీ చుట్టుపక్కల మాట, మన జిల్లాలకి కాదు. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన కారుకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. బ్రేకులు, హెడ్‌లైట్లు, హారను, టైర్లు సరిచేసి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకున్నాకే ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లండి. బండిని నడపకుండా ట్రాలీ మీద తీసుకెళ్లండి. రిజిస్ట్రేషన్ చెల్లని బండి నడిపితే మొదటిసారే 5,000 దాకా జరిమానా.

రెన్యువల్ ఓనరు పేరు మీద అయ్యాకే పేరు మార్పు. ఫారం 29, ఫారం 30 మీద ఆయనా మీరూ సంతకాలు పెట్టాలి. ఆయన్ని స్కూటరెక్కించుకుని మీరే ఆఫీసుకి తీసుకెళ్లండి. ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది.

ఆంధ్రా నంబరు బండిని ఒడిశాలో 12 నెలలకి మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. ముందు శ్రీకాకుళంలో డూప్లికేట్ ఆర్సీ, తర్వాత అక్కడే ఫారం 28 మీద ఎన్‌ఓసీ, చివర ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27, టాక్సు. ఈ వరుస మార్చొద్దు. ఎన్‌ఓసీ ఒకసారి అక్కడినుంచి వచ్చేశాక అక్కడి తప్పు దిద్దించడానికి రెండు రాష్ట్రాల మధ్య తిరగాలి.

కొత్త ఆర్సీ చేతికి రాగానే, ఆఫీసు గేటు దాటకముందే, ఫైల్లోంచి మీ పెన్సిలు ప్రింటు తీసి ఒక్కో అంకె పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అదే రోజు దిద్దుబాటుకి రాసివ్వండి. సరిగ్గా ఉంటే 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పాలసీ కూడా మీ పేరుకి మార్పించుకోండి. ఇది అయ్యేదాకా బండి తీయకండి.