గర్భిణి పళ్ళు, చిగుళ్ళు – మూడో పాఠం: రక్తం కనిపించిన చోట

గత పాఠంలో వేవిళ్ళ గురించి చెప్పుకున్నాం. వాంతి కాగానే బ్రష్ పట్టుకోకూడదు. గ్లాసు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంటైనా ఆగాలి. కడుపులోంచి వచ్చిన ఆమ్లం పంటి పైపొరను మెత్తబరుస్తుంది, అప్పుడే రుద్దితే ఆ పొర అరుగుతుంది. ఇది ఇంకా అలవాటు కాకపోతే మరో నాలుగు రోజులు ఆ పాఠంలోనే ఉండండి, తొందరేమీ లేదు.

ఈసారి చిగుళ్ళు. రెండో నెల దాటాక ఒక ఉదయం పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా కనిపించవచ్చు. భయం వేస్తుంది. "బ్రష్ మానెయ్యి తల్లీ, వేలితో తోముకో" అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. వాళ్ళది ప్రేమే, కాని ఈ ఒక్క మాట మాత్రం వినకండి. గర్భంతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్, ఈస్ట్రోజెన్ హార్మోన్లు బాగా పెరుగుతాయి, చిగుళ్ళకు రక్తం ఎక్కువగా చేరుతుంది. ఇదివరకు ఓర్చుకున్న కొద్దిపాటి పాచికే చిగురు ఇప్పుడు వాచి, తాకితే చాలు రక్తం కారుతుంది. హార్మోన్లను మనం ఆపలేం, పాచిని తీయగలం. బ్రష్ మానేస్తే పాచి పేరుకుని వాపు ఇంకా పెరుగుతుంది. కాబట్టి రక్తం వచ్చిన చోటును వదిలేయకుండా, అక్కడే మరింత శ్రద్ధగా, మరింత మెల్లగా తోమాలి.

ఇక అభ్యాసం. మెత్తటి పోచల బ్రష్, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు తీసుకుని అద్దం ముందు నిలబడండి. బ్రష్‌ను పిడికిలితో కాకుండా కలం పట్టినట్లు వేళ్ళతో పట్టుకోండి, బలం దానంతటదే తగ్గుతుంది. పోచలను చిగురు వైపు ఏటవాలుగా, సగం పంటి మీద, సగం చిగురు అంచున ఆనేలా పెట్టండి. ఉన్నచోటనే పదిసార్లు చిన్నగా కదిలించి, చిగురు నుంచి పంటి కొస వైపు తుడిచినట్లు లాగండి. పై పళ్ళకు కిందికి, కింది పళ్ళకు పైకి. తరువాత పక్కనున్న రెండు పళ్ళు. పోచలు విచ్చుకుపోతుంటే గట్టిగా నొక్కుతున్నారన్నమాట.

కింది ముందుపళ్ళ వెనుక భాగం నుంచి మొదలుపెట్టమంటాను. లాలాజలం ఊరే చోటు అదే కాబట్టి గార ముందుగా అక్కడే కడుతుంది, చాలామంది మరిచిపోయేదీ అక్కడే. అక్కడ బ్రష్‌ను నిలువుగా పట్టుకోవాలి. మొత్తం రెండు నిమిషాలు, రోజుకు రెండు పూటలు. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం తప్పనివ్వకండి, అప్పుడే పళ్ళ సందులను ఫ్లాస్ దారంతో కూడా శుభ్రం చేసుకోండి.

బ్రష్ లోపలికి వెళ్ళగానే వికారం వస్తోందా? చిన్నపిల్లల బ్రష్ వాడండి. పేస్టు వాసన పడకపోతే వేరే రుచి చూడండి. పొద్దున్నే కుదరకపోతే కడుపు నిమ్మళించాక తోముకోండి.

రక్తం కనిపించిన రోజులను క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. సరిగ్గా తోముతుంటే రెండు వారాల్లో ఆ గుర్తులు తగ్గుతూ రావాలి. తగ్గకపోతే లోపల గార ఉండవచ్చు, అది బ్రష్‌కు లొంగదు. దంతవైద్యుడి చేత తీయించుకోవాలి. గర్భిణులు నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు, నాలుగు నుంచి ఆరో నెల వరకు కూర్చోవడానికి సుఖంగా ఉంటుంది. విపరీతమైన నొప్పి, ముఖం వాపు, జ్వరం ఉంటే మాత్రం నెలలు లెక్కపెట్టకుండా అదే రోజు వెళ్ళండి. పళ్ళ మధ్య చిగురు మీద ఎర్రటి బుడిపె లేస్తే కంగారు పడవద్దు. అది సాధారణంగా క్యాన్సర్ కాదు, కాన్పు తరువాత చాలావరకు తగ్గిపోతుంది. అయినా చూపించుకోండి.

నెలనెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగే గర్భిణుల పరీక్షకు వెళ్ళేవారు చిగుళ్ళ సంగతి కూడా అక్కడ చెప్పండి. అడిగితే తప్ప నోరు చూసేవారు తక్కువ.

వచ్చే పాఠం: దంతవైద్యుడి కుర్చీలో ఎలా పడుకోవాలి, ఏ మందులు అడగాలి, ఏవి వద్దనాలి.