నోటితో తాళం – 4: ‘ప్’కు తోక వద్దు

ఈసారి ముగ్గురు ఒకేసారి స, గ, ప స్వరాలు ఒక్కొక్కటి పట్టి మూడు గొంతులు కలపడం మొదలుపెడదామనుకున్నాను. ఇప్పుడు వద్దు. పోయిన పాఠంలోని ‘ప్ త్స్ క్ త్స్’ (నోటితోనే డోలు దరువు వేసే బీట్‌బాక్సింగ్) రెండు నిమిషాలు వాయించేసరికి ఆయాసం వచ్చిందని చాలామంది చెప్పారు, కొందరికి కళ్లు కూడా తిరిగాయట. ముందు దాని సంగతి చూడాలి.

మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్ మన నోట ‘బస్సు’ అవుతుంది, పెన్ ‘పెన్ను’ అవుతుంది. అలాగే ‘ప్’ కాస్తా ‘పు’ అయి కూర్చుంది. ఆ చిన్న ‘ఉ’ కోసం గొంతు తెరుచుకుంటుంది, ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి పోతుంది. ప్రతి దెబ్బకూ ఇలా తోక తగిలితే, నిమిషానికి 80 దెబ్బలంటే 80 సార్లు ఊదినట్టే. ఆయాసం రాక ఏం చేస్తుంది? పైగా దెబ్బ డోలులా మోగదు, దీపం ఆర్పినట్టుంటుంది.

బరువెత్తే ముందు ఊపిరి బిగబడతాం కదా, అలా బిగబట్టండి. గొంతు మూసుకుంది. పెదాలు గట్టిగా కలిపి, నోట్లో మిగిలిన ఆ కాస్త గాలితోనే పేల్చండి: ప్. గొంతు ముందున్న కంఠమణి మీద వేలు పెడితే అది చటుక్కున పైకి జరుగుతుంది. జరగలేదంటే మీరింకా ‘పు’ అంటున్నారు. అరచేయి నోటికి జానెడు దూరంలో పెట్టి చూడండి. ‘పు’కు గాలి సాగుతూ తగులుతుంది, ‘ప్’కు చిటికేసినట్టు తగిలి ఆగిపోతుంది. తల తేలిపోతున్నట్టుంటే వెంటనే ఆపండి.

కొన్నక్కోల్ (కర్ణాటక సంగీతంలో తాళపు జతులను నోటితో పలకడం) నేర్చినవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. ‘తకధిమి’లో ప్రతి అక్షరానికీ అచ్చుంది, అక్కడ ఉండాలి కూడా. ఇక్కడ అన్నీ పొల్లులే.

‘త్స్’ను పళ్ల దగ్గరే కోసేయండి. ‘క్’ మాత్రం నేను గాలి లోపలికి పీలుస్తూ పలుకుతాను: నాలుక పక్క అంచును పైపళ్లకు ఆనించి, ఆ పక్కనుంచే లాగుతాను. నాలుగు దెబ్బలకోసారి ఊపిరి దానంతటదే అందుతుంది. బయటికి పలికినా తప్పు లేదు గానీ, పాట మధ్యలో ఊపిరికి చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే నాకు నచ్చదు.

ఛాతీ మీద, తొడ మీద తట్టడం, చప్పట్లు కొట్టడం మీకు ఇదివరకే వచ్చినవే.

సాధన: నోటితో ‘ప్ త్స్ క్ త్స్’ నాలుగు దెబ్బలు, చేతులతో ఛాతీ–తొడ–చప్పట్లు మూడు దెబ్బలు, రెండూ ఒకేసారి ఎత్తుకుని తిప్పుతూ పోండి. ‘ప్’, ఛాతీ మళ్లీ 13వ దెబ్బకు కలుస్తాయి. నిమిషానికి 60 చొప్పున 5 నిమిషాలు వాయిస్తే, మొదటిదానితో కలిపి 25 సార్లు కలవాలి. మధ్యలో ఒక్క ‘పు’ వినిపించినా మళ్లీ ఒకటి నుంచి. ఇది కుదిరాకే స–గ–ప.