చదును నేల కాళ్ళతో కోరుకొండ ఎక్కాలంటే

కోనసీమలో పుట్టిపెరిగిన మనకి ఎత్తంటే ఏటిగట్టే. "రోజూ గట్టు మీద నడుస్తాం కదా, ఆ కొండ ఎంతలే" అనుకుని బయల్దేరకండి. నడిచే బలం వేరు, ఎక్కే బలం వేరు, దిగే బలం ఇంకా వేరు.

కోరుకొండ రాజమండ్రికి సుమారు 20 కిలోమీటర్లు, గోకవరం వెళ్ళే దారిలోనే. నరసింహస్వామి కొండకి 600 పైచిలుకు మెట్లు. చాలాచోట్ల నిలువుగా ఉంటాయి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లెక్కి తిరుమల వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు ఇక్కడ కాళ్ళని పరీక్షించుకుంటే మంచిది.

నెల ముందు నుంచే రేవు మెట్లు పట్టుకోండి. వరద రోజుల్లో రేవు మునిగిపోతుంది కాబట్టి అప్పుడు డాబా మెట్లే గతి. రోజు విడిచి రోజు చాలు. ఎక్కడం ఎలా ఎక్కినా, దిగడం మాత్రం బాగా నెమ్మదిగా చెయ్యాలి. పై మెట్టు మీదున్న మోకాలు కొద్దికొద్దిగా వంచుతూ, మనసులో మూడు లెక్కపెట్టాక కింది కాలు ఆన్చండి. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే బరువు మోస్తుంది. అలవాటు లేని కండరం అక్కడే దెబ్బతింటుంది. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలీదు, మర్నాడు మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. ముందుగా నాలుగైదుసార్లు ఇలా దిగి ఉంటే చాలా తగ్గుతుంది.

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగాకే రండి. ఇందులో మొహమాటం వద్దు.

కార్తీకం నుంచి మాఘం దాకా వాతావరణం బాగుంటుంది. వాన పడితే మెట్లు జారతాయి, మానుకోండి. తెల్లవారగానే మొదలుపెట్టాలి. చెప్పులు లేకుండా ఎక్కేవాళ్ళకి ఎండెక్కితే రాయి కాలుతుంది. రెండిడ్లీలు తినండి, పెసరట్టు ఉప్మా దిగొచ్చాక. ఒక సీసాలో నీళ్ళు, ఒక సీసాలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. కొండ గుళ్ళ దగ్గర కోతులు మామూలే కాబట్టి పళ్ళు చేతిలో పట్టుకోవద్దు. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు చీలమండ పైకి ఎత్తి దోపుకోవాలి. నిలువు మెట్ల మీద అంచు కాలికిందకి వచ్చిందంటే ప్రమాదం.

మొదటి యాభై మెట్లే అసలు పరీక్ష. కుర్రాళ్ళు అక్కడ పరుగెత్తి, సగంలో కూలబడతారు. పాదం మొత్తం మెట్టు మీద ఆనాలి. పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నిదానంగా ఎక్కాలి. మా పెద్దమ్మ మెట్టుమెట్టుకీ "ఇంకెన్నే అమ్మాయ్?" అంటూనే ఉంటుంది. ఆ మాట మధ్యలో తెగిందంటే నేను ఆగిపోతాను. అప్పుడు కూర్చోబెట్టను, పక్కన గోడకి చెయ్యి ఆన్చి నిలబెడతాను. మరీ చెమటలు పట్టి కళ్ళు తిరిగితే మాత్రం నీడలో కూర్చోబెట్టి, గుక్కగుక్కగా మజ్జిగ తాగించి, కిందకి తీసుకొచ్చెయ్యాలి. స్వామి ఎక్కడికీ పోడు.

పైన దర్శనమయ్యాక తొందరపడి దిగకండి. చుట్టూ పొలాలు, ఊళ్ళు, మీరొచ్చిన రోడ్డు అన్నీ ఒక్కచూపులో కనిపిస్తాయి. కాస్సేపు గాలికి కూర్చుంటే తొడల వణుకు తగ్గుతుంది. దిగేటప్పుడు కొంచెం పక్కవాటుగా తిరిగి, ఒక చెయ్యి గోడ మీద ఉంచి దిగండి. ఫోటోలు పైనే తీసేసుకోండి, మెట్ల మీద ఫోను బయటికి తియ్యొద్దు. మర్నాడు మంచమెక్కి పడుకోకుండా గట్టు మీద మెల్లగా ఓ అరగంట నడిస్తే బిగుతు వదులుతుంది.