ఆహార గొలుసులో శక్తి నష్టాన్ని లెక్కకట్టడం ఎలా?

ముందుగా ప్రతి పోషక స్థాయిలో (గడ్డి, దాన్ని తినే మిడత వంటి ఆహార గొలుసులోని ఒక్కో మెట్టులో) తయారైన జీవపదార్థంలోని శక్తిని ఒకే ప్రమాణంలో, అంటే చదరపు మీటరుకు ఏడాదికి ఇన్ని కిలోజౌళ్లు అని రాసుకోవాలి. పై స్థాయి విలువను దాని కింది స్థాయి విలువతో భాగించి 100తో గుణిస్తే బదిలీ సామర్థ్యం శాతంలో వస్తుంది. గడ్డిలో 20,000, మిడతల్లో 1,600 ఉంటే అది 8 శాతం.

మిగిలిన 92 శాతం ఎటు పోయిందో తేల్చడమే అసలు పని. ఒక్క మిడతను తీసుకుందాం. అది తిన్న ఆకులో 100 జౌళ్లు ఉన్నాయనుకుంటే, అరగని పీచుతో పాటు 60 జౌళ్లు విసర్జితాలుగా బయటపడి వాటిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా, శిలీంధ్రాల వంటి విచ్ఛిన్నకారులకు చేరతాయి, 28 జౌళ్లు శ్వాసక్రియలో ఖర్చయి వేడిగా వెలువడతాయి, 12 జౌళ్లే కొత్త కణజాలంగా నిలుస్తాయి; మిడతను తినే కప్పకు అందేది ఈ పన్నెండులోనిదే. మిడత ముట్టని వేళ్లను, ఎండుగడ్డిని ఆ 92 శాతంలోనే విడిగా చూపాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

ఒక స్థాయి శక్తిలో పదో వంతే పై స్థాయికి చేరుతుందనే పది శాతం సూత్రం 1942 నాటి జీవావరణ శాస్త్రవేత్త లిండెమన్ పరిశోధనతో ముడిపడింది; అది ఉజ్జాయింపు మాత్రమే కనుక, కొలతలు దొరికినప్పుడు దానిని పక్కన పెట్టడమే మేలు.

జీవద్రవ్యరాశిని, అంటే ఒక స్థాయిలో ఆ సమయానికి ఉన్న జీవుల మొత్తం బరువును మాత్రం నమూనా బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టి పొడి బరువుగానే తూచాలి. సముద్రంలో వృక్షప్లవకాల (నీటిలో తేలే సూక్ష్మ మొక్కల వంటి జీవుల) రాశి వాటిని తినే జంతుప్లవకాల (నీటిలో తేలే చిన్న జంతువుల) రాశి కంటే తక్కువగా తేలవచ్చు. వృక్షప్లవకాలు అతివేగంగా పుట్టి అంతే వేగంగా ఆహారమైపోతాయి కాబట్టి ఆ ఫలితాన్ని కొట్టివేయకూడదు.