ఇంటి వాతావరణ కేంద్రం: గంజాం నుంచి కొరాపుట్ దాకా ఏది కొనాలి, ఎక్కడ నిలపాలి, ఎలా కాపాడుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఇంటికొక వాతావరణ కేంద్రం, అంటే వాన, గాలి, ఉష్ణోగ్రత వంటివి కొలిచే పరికరం, కొనాలనుకునేవారు సాధారణంగా ముందు ధర, తర్వాత బ్రాండు చూస్తారు. అయితే కొలత నిజమవడం పరికరం ధర కన్నా దాన్ని నిలబెట్టిన చోటు మీద, ఏటా ఒకసారైనా సరిచూసుకునే అలవాటు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఎంత ఖరీదైన సెన్సర్‌నైనా డాబా పిట్టగోడకు ఆనించి బిగిస్తే, మే నెల మధ్యాహ్నం అది చూపేది ఊరి ఉష్ణోగ్రతను కాదు, ఆ గోడ వేడిని.

కొనే ముందు తేల్చుకోవలసింది ఏ కొలత మనకు ముఖ్యమన్నది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ గంజాం తీరానికి ప్రధానంగా గాలి దెబ్బ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వల్ల గజపతి జిల్లా కొండ గ్రామాలు ఎక్కువగా నష్టపోయింది వరద వల్ల, విరిగిపడిన కొండచరియల వల్ల. కాబట్టి తీరంలో ఉన్నవారు గాలి, వాయుపీడనం కొలిచే భాగాలు గట్టిగా ఉన్న పరికరాన్ని, వంశధార, మహేంద్రతనయ పరీవాహకంలోనూ కొండల మీదా ఉన్నవారు వర్షమాపకం బాగున్న దాన్ని ఎంచుకోవడం మంచిది. అతినీలలోహిత సూచీ, తెరమీద రంగురంగుల బొమ్మలు చూసి ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు. తెరమీద కనిపించే మబ్బు, సూర్యుడి బొమ్మ చాలా పరికరాల్లో పీడనం పెరిగిందా తగ్గిందా అన్నదాన్ని బట్టి వేసిన అంచనా మాత్రమే. తుఫాను వేళ నమ్మవలసింది గోపాల్‌పూర్, విశాఖపట్నం రాడార్ల ఆధారంగా వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరికలను, ఈ బొమ్మను కాదు.

సెన్సర్లన్నీ ఒకే పెట్టెలో ఉండే రకం బిగించడం సులువు, ధర కూడా తక్కువ. కాని గాలి కొలతకు పది మీటర్ల ఎత్తు కావాలి, ఉష్ణోగ్రతకు మనిషి ఎత్తు చాలు. ఒకే పెట్టెతో ఈ రెండూ కుదరవు గనుక ఏదో ఒకదాన్ని వదులుకోక తప్పదు. పెరడు ఉన్నవారికి విడివిడి సెన్సర్ల రకమే నా సలహా. వర్షం కొలవడానికి చినుకుల తాకిడిని పసిగట్టే కొత్త రకం సెన్సర్లు కూడా వస్తున్నాయి. వాటిలో కదిలే భాగాలు లేవు, చెత్త అడ్డుపడదు. కాని సన్నని తుంపర వాటికి సరిగా అందదు, కాకి వాలినా చినుకుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. రెండు చిన్న గిన్నెలు నీటి బరువుకు అటూ ఇటూ ఒరిగే పాత పద్ధతి వర్షమాపకాన్నే నేను నమ్ముతాను.

మరో రెండు విషయాలు అంగడిలోనే అడిగి తెలుసుకోవాలి. మొదటిది రేడియో తరంగాలు. అమెరికా మార్కెట్టుకు చేసిన పరికరాలు 915 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, అది మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగిన శ్రేణి కాదు. ఇక్కడికి 865 నుంచి 868 వరకు గల శ్రేణిలోనో, 433 మెగాహెర్ట్జ్ మీదో పనిచేసేవి తీసుకోవాలి. రెండవది జ్ఞాపకశక్తి. తుఫాను వచ్చిన రాత్రి కరెంటూ ఇంటర్నెట్టూ రెండూ పోతాయి. కొలతలను వైఫై ద్వారా పంపడమే తప్ప తనలో దాచుకోని పరికరం సరిగ్గా అవసరమైన గంటల్లోనే ఖాళీ గీత మిగులుస్తుంది. లోపలి యూనిట్‌కు బ్యాటరీ, అందులో కొన్ని రోజుల కొలతలు నిలిచే ఏర్పాటు ఉందో లేదో చూడాలి.

బిగించే చోటు గురించి. ఉష్ణోగ్రత, తేమ సెన్సర్ నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల మధ్య, గడ్డి లేదా మట్టి నేల మీద, తెల్లని పలకల తొడుగులో ఉండాలి. ఏసీ బయటి యూనిట్, వంటింటి పొగగొట్టం, రేకుల షెడ్డు దరిదాపుల్లో ఉండకూడదు. డాబా తప్ప గత్యంతరం లేనివారు గచ్చుకు కనీసం రెండు మీటర్ల పైన, పిట్టగోడకు దూరంగా బిగించి, మధ్యాహ్నపు కొలతలను కొంత అనుమానంతోనే చూడాలి. వర్షమాపకానికి పక్కనున్న చెట్టు లేదా గోడ దాని అంచు కన్నా ఎంత ఎత్తు ఉంటుందో కనీసం అంతకు రెండింతల దూరం వదలాలన్నది నియమం. పన్నెండు మీటర్ల కొబ్బరి చెట్టుకు ఇది ఇరవై నాలుగు మీటర్లు అవుతుంది, పట్టణపు పెరళ్లలో ఇది దొరకదు. అలాంటప్పుడు ఉన్నంతలో తెరిపిగా ఉన్న మూలను ఎంచుకోవాలి. గాలిచక్రాన్ని మాత్రం నీళ్ల ట్యాంకు కన్నా ఎత్తుగా, మూడు వైపులా తీగలతో బిగించిన గొట్టం మీద పెట్టాలి. దిక్సూచి చూపే ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా చాలా స్వల్పం గనుక దిశ సరిచేయడానికి మామూలు దిక్సూచి చాలు. వేసవి సాయంత్రాల్లో కాలబైశాఖి (ఉరుముల గాలివాన) పిడుగులు పడే ప్రాంతం కాబట్టి ఇనుప గొట్టానికి ఎర్తింగ్ తప్పనిసరి, మబ్బు పట్టినప్పుడు దాన్ని సరిచేయడానికి డాబా ఎక్కకూడదు.

వాయుపీడనం దగ్గర చాలామంది తికమకపడతారు. సముద్రమట్టం దగ్గర ప్రతి ఎనిమిది, తొమ్మిది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గుతుంది. దాదాపు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో అసలు పీడనం 910 ప్రాంతంలో ఉంటుంది, అదే రోజు గోపాల్‌పూర్‌లో వెయ్యి దాటి ఉంటుంది. రెండింటినీ పోల్చాలంటే పరికరంలో మన ఊరి ఎత్తు నమోదు చేసి సముద్రమట్టానికి సవరించిన పీడనం చూడాలి. ఇంకొకటి: మన అక్షాంశాల్లో పీడనం రోజూ ఉదయం పది గంటలకు, రాత్రి పది గంటలకు హెచ్చి, సాయంత్రం నాలుగుకు, తెల్లవారుజామున నాలుగుకు తగ్గుతుంది. పగటి పూట ఈ తగ్గుదల మూడు, నాలుగు హెక్టోపాస్కల్స్ కూడా ఉండవచ్చు. దాన్ని చూసి వాయుగుండం వస్తోందని కంగారు పడనక్కర్లేదు. ఈ రోజు నాలుగింటి పీడనాన్ని నిన్నటి నాలుగింటి పీడనంతో పోల్చినప్పుడే అసలు మార్పు తెలుస్తుంది.

వర్షమాపకాన్ని ఏటా రుతుపవనాలకు ముందు, అంటే జూన్ మొదటి వారంలోపు సరిచూడాలి. గరాటు వ్యాసం 16 సెంటీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 201 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 201 మిల్లీలీటర్ల నీరు పది మిల్లీమీటర్ల వర్షానికి సమానం. ఆ నీటిని ఒక్కసారిగా పోస్తే గిన్నె ఒరిగే క్షణంలో కొంత నీరు లెక్కకు రాకుండా జారిపోతుంది. మందుల షాపులో దొరికే సెలైన్ గొట్టాన్ని సీసాకు తగిలించి, దాని చక్రం తిప్పి చుక్కలుగా గంటసేపు పడనివ్వాలి. ఒక్కో ఒరుగు 0.2 మిల్లీమీటర్లు లెక్కించే పరికరమైతే యాభై ఒరుగులు రావాలి. నలభై ఎనిమిది, యాభై రెండు వచ్చినా పరవాలేదు. నలభై వస్తే ముందు గిన్నెల్లో బురద చేరిందేమో చూసి, శుభ్రం చేసి మళ్లీ పరీక్షించాలి, ఆ తర్వాతనే గిన్నెల కింద సవరణకు ఉండే మరలు తిప్పాలి. ఇరుసుకు నూనె వేయకూడదు, దుమ్ము అతుక్కుంటుంది.

తేమ సెన్సర్‌ను సరిచూడటానికి వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత నీరు మాత్రమే కలిపి, సెన్సర్‌తో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా నీడలో ఉంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. పరికరం 70 చూపితే ఆ అయిదు శాతం సవరణను అమరికల్లో నమోదు చేయవచ్చు. ఉప్పునీరు సెన్సర్‌ను తాకకూడదు. గోపాల్‌పూర్, ఛత్రపురం వంటి చోట్ల సముద్రపు గాలిలోని ఉప్పు తొడుగు మీద పేరుకొని తేమ కొలతను చెడగొడుతుంది గనుక రెండు మూడు నెలలకోసారి సెన్సర్ బయటకు తీసి, పలకలను మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. అక్కడ మరలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి.

మిగతా పోషణ పెద్ద పని కాదు. గరాటులో సరుగుడు ఆకులు పడకుండా వానాకాలంలో వారానికోసారి చూడాలి. కందిరీగలూ సాలెపురుగులూ గిన్నెల పక్కనే గూడు కడతాయి, ఎండాకాలం చివర మూత తీసి దులపాలి. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు ఎండకు కారి లోపలి లోహపు పట్టీలను తినేస్తాయి, ఏటా మార్చాలి. అక్టోబరు తుఫానుల కాలానికి ముందు, సెప్టెంబరులో గొట్టం తీగలనూ బిగింపులనూ చేత్తో లాగి చూడాలి.

కొలతలు రాసే విషయంలో వాతావరణ శాఖ పద్ధతి పాటిస్తే పోలిక సులువు. శాఖ వర్షాన్ని ఉదయం 8.30కి కొలిచి, అంతకు ముందు 24 గంటల వర్షాన్ని ఆ ఉదయం తేదీ కింద రాస్తుంది. 2.5 మిల్లీమీటర్లు పడితే అది వర్షపు రోజు, 64.5 దాటితే భారీ వర్షం. ఇంటి పరికరం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా లెక్కిస్తుంది కాబట్టి రాత్రి రెండింటికి కురిసిన వాన తేదీల్లో తేడా రాకపోయినా, మధ్యాహ్నం కురిసింది మాత్రం శాఖ లెక్కలో మరుసటి రోజుకు చేరుతుంది. గాలి విషయంలోనూ ఇంతే: తుఫాను ప్రకటనల్లో శాఖ చెప్పే గాలి వేగం మూడు నిమిషాల సగటు, మన తెరమీద మెరిసే అంకె ఒక్క విసురుది. పరికరంలో రోజు మొదలయ్యే వేళను మార్చే వీలుంటే 8.30కి పెట్టాలి, లేకపోతే ఆ వేళకు తెరమీది మొత్తాన్ని పుస్తకంలో చేత్తో రాసుకోవాలి.